ఇడ్లీ తినొచ్చా, మానేయాలా? మీ టిఫిన్‌ను మీరే పరీక్షించుకునే పద్ధతి

"ఇడ్లీ తినొచ్చా? దోశ మానేయాలా? రాగి జావ మంచిదేగా? ఓట్స్ మొదలుపెట్టమంటారా?" వారానికి నలుగురైనా ఇదే అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామందికి ఇంకా షుగర్ రాలేదు. అమ్మకో నాన్నకో ఉంది, లేదా ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో "బోర్డర్‌లో ఉంది" అన్నారు. ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ మీద దేశమంతటా చేసిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని గుమ్మంలో నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు.

ఆ ప్రశ్నకు ఔననో కాదనో జవాబు చెప్పలేను. రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికిన గుడ్డు తిన్న మనిషిని అడిగినా "ఇడ్లీ తిన్నా" అంటాడు. ఆరు ఇడ్లీలు కారప్పొడి, నెయ్యితో లాగించి, పైన రెండు చెంచాల పంచదార కాఫీ తాగిన మనిషీ అదే మాట అంటాడు. అందుకని టిఫిన్ పేరు పక్కనపెట్టి, మీ ప్లేటును మీరే పరీక్షించుకునే పద్ధతి రాస్తున్నాను. మూడు వారాలు పడుతుంది. నేను డాక్టర్ని కాను. పరగడుపు షుగర్ 112 వచ్చాక వంటింట్లోనూ, మీటరు దగ్గరా తప్పులు చేస్తూ నేర్చుకున్నదే ఇది.

ముందుగా, ఇది సొంతంగా చేయకూడనివాళ్లు

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ టిఫిన్ సగానికి తగ్గిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం వస్తే ప్రయోగం అక్కడే ఆపి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ తాగి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కావలసినవి

- ఈ మధ్య చేయించిన ల్యాబ్ రిపోర్టు: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష). లేకపోతే ముందు చేయించండి.
- గ్లూకోమీటరు, 50 స్ట్రిప్పుల డబ్బా. 25 చాలవు, మొదట్లో నాలుగైదు వృథా అవుతాయి.
- వంటింటి తూకం యంత్రం. లేకపోతే రోజూ అదే గిన్నె, అదే గరిటె వాడండి.
- దర్జీ టేపు.
- ఒక నోటు పుస్తకం. ఫోన్లో రాసుకుంటే పోల్చి చూడటం కష్టమని నా అనుభవం.

థియరీ ఒక్క పేరా

బియ్యం, రవ్వ, మైదా, అటుకులు, సేమ్యా, బొరుగులు అన్నీ కడుపులోకి వెళ్లాక చక్కెరగా మారేవే. పిండి ఎంత మెత్తగా ఉంటే, జావ ఎంత పలచగా ఉంటే అంత తొందరగా మారుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, పీచు ఉన్న కూర పక్కన ఉంటే వేగం తగ్గుతుంది. టిఫిన్ ఒక్కటే షుగర్ తెచ్చిపెట్టదు. వంశం, బొజ్జ, రోజంతా కూర్చునే ఉద్యోగం, వీటన్నిటికీ అందులో పాలుంది. కానీ మన భోజనంలో పప్పూ కూరా కాస్తయినా ఉంటాయి, టిఫిన్లో మాత్రం పిండి మీద పిండే. మార్చడానికి ఎక్కువ చోటున్నది అక్కడే. ఫలితం కూడా ఊహ కాదు. బోర్డర్‌లో ఉన్నవాళ్ల మీద మన దేశంలోనే చేసి 2006లో ప్రచురించిన డయాబెటిస్ నివారణ అధ్యయనంలో, తిండి మార్చుకుని నడక పెంచినవాళ్లకు షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది.

1. మీరెక్కడున్నారో చూసుకోండి

కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు బోర్డర్, 126 ఆపైన షుగర్. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు బోర్డర్, 6.5 ఆపైన షుగర్. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారుపడకండి. మామూలుగా మరో పరీక్షతో రూఢి చేసుకున్నాకే డాక్టర్లు తేలుస్తారు.

తర్వాత నడుము కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. "నా ప్యాంటు 34" అని చెప్పకండి. అది బొజ్జ కింద కొలత.

2. మూడు రోజులు ఏమీ మార్చకండి

ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. మీటరు కొన్న రోజే ఓట్స్ కూడా కొంటారు. అలా చేస్తే దేన్ని దేనితో పోలుస్తారు? మూడు రోజులు మామూలుగా తినేదే తినండి. ఎన్ని ఇడ్లీలు, ఏ చట్నీ, కాఫీలో ఎన్ని చెంచాల పంచదార, ఏ టైముకు తిన్నారు, అన్నీ రాయండి. ఉప్మా అయితే పొయ్యి మీద పెట్టకముందే రవ్వ తూచి, ఎంతమందికి చేశారో చూసి భాగించండి. మా ఇంట్లో తూచినప్పుడు నా వాటా 95 గ్రాముల రవ్వ తేలింది. అందులో పిండిపదార్థమే 65 గ్రాములకు పైన. "కొంచెం ఉప్మా" అనుకుంటూ ఏళ్ల తరబడి తిన్నాను.

ఒక అంచనా కోసం: మామూలు సైజు ఇంటి ఇడ్లీలో 8 నుంచి 10 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. హోటల్ ఇడ్లీ పెద్దది, దాన్ని ఒకటిన్నరగా లెక్కేయండి.

3. మీటరు సరిగ్గా వాడండి

టిఫిన్‌కు ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడాలి. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఫోన్లో అలారం పెట్టుకోండి.

చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే గుచ్చండి. ఒకసారి పిల్లలకు మామిడిపండు కోసిచ్చి, చేయి చీరకు తుడుచుకుని గుచ్చుకున్నాను. 243 చూపించింది! గుండె జారింది. చేయి కడిగి మళ్లీ చూస్తే 128. వేలికున్న మామిడి రసం చేసిన పని అది. చేతులు తడిగా ఉన్నా తప్పే, రక్తం పలచబడి తక్కువ చూపిస్తుంది.

వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాకపోతే వేలు పిసకొద్దు, చేయి కిందికి వేలాడదీసి కాసేపు ఆగండి. స్ట్రిప్పు తీయగానే డబ్బా మూత పెట్టండి, మన తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. గడువు తేదీ చూడండి. ఒకే సూదిని ఇద్దరు వాడకూడదు, మొగుడూ పెళ్లాలైనా సరే.

మీటరు అంకె ల్యాబ్ అంకెతో అచ్చంగా కలవదు. మంచి మీటరుకు కూడా 100 పైన 15 శాతం అటూ ఇటూ తేడాను అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ల్యాబ్ 150 అన్నచోట మీటరు 128 చూపినా, 172 చూపినా చెడిపోయినట్టు కాదు. కాబట్టి మీటరుతో షుగర్ ఉందో లేదో తేల్చుకోకండి. మీ ప్లేట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికే వాడండి.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకు మీటరు 6.2, 7.8 అని చూపిస్తుంది. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది.

4. ప్లేటు మార్చండి, ఒకసారికి ఒక్కటే

ఇష్టమైన టిఫిన్ ఏదో దానితోనే మొదలుపెట్టండి.

*ఇడ్లీ:* మినప్పప్పు ఎక్కువేసి రవ్వ తగ్గించమని చాలామంది చెబుతారు. ఒకటికి రెండు నుంచి ఒకటికి ఒకటిన్నర దాకా ఫరవాలేదు. సగానికి సగం చేస్తే ఇడ్లీ జిగురుగా, చప్పిడిగా వచ్చి ఇంట్లో ఎవరూ ముట్టరు. నా సలహా ఏంటంటే ఇడ్లీని చెడగొట్టొద్దు. నాలుగు బదులు రెండు పెట్టుకుని, ఖాళీ అయిన చోట కప్పు గుగ్గిళ్లో రెండు గుడ్లో పెట్టండి. సాంబారు కూడా పప్పు కనిపించేంత చిక్కగా ఉండాలి.

*పెసరట్టు:* మన టిఫిన్లలో నేను మొదటి మార్కు దీనికే వేస్తాను. 100 గ్రాముల పెసల్లో మాంసకృత్తులు 22 నుంచి 24 గ్రాములు, బియ్యంలో అందులో మూడో వంతే. కప్పు పెసలకు రెండు చెంచాల బియ్యం వేసి నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో పొట్టు తీయకుండా రుబ్బండి. పులియబెట్టే పని లేదు. బియ్యం అసలు వేయకపోయినా వస్తుంది, కరకర కాస్త తగ్గుతుంది, అంతే. దీన్ని పాడు చేసే దారులు రెండున్నాయి. ఒకటి, కరకర కోసం కప్పు పెసలకు అరకప్పు బియ్యం పోయడం. రెండోది, లోపల ఉప్మా పెట్టడం. ఉప్మా పెసరట్టు గొప్ప వంటకమే, కాదనను. కానీ ఈ మూడు వారాలు ఉప్మా బదులు ఉల్లిపాయ, అల్లం ముక్కలు చల్లుకోండి. అల్లం పచ్చడిలో బెల్లం ఎంత పడుతోందో కూడా చూడండి. నిమ్మకాయంత ముద్ద వేసే ఇళ్లున్నాయి.

*దోశ:* బియ్యం మూడు పాళ్ల నుంచి రెండుకు తగ్గించినా దోశ బాగానే వస్తుంది. మధ్యలో ఆలుగడ్డ కూర మానేయండి, అది పిండి మీద పిండి. గుడ్డు దోశ మంచి ఉపాయం. మెంతులు ఒక చెంచా వేశాం కదా అని ధైర్యంగా నాలుగు తినకండి, ఒక్కో దోశకు వచ్చే మెంతులు ఎన్నో లెక్కపెట్టుకోండి.

*ఉప్మా:* మనిషికి 40 గ్రాముల రవ్వ మించొద్దు. దానికి రెట్టింపు బీన్స్, క్యారెట్, బఠాణీ. పోపులో పల్లీలు, పచ్చిశనగపప్పు ధారాళంగా వేయండి. గోధుమ రవ్వకు మారితే కొంత మేలు, అయితే పళ్లెం నిండా తింటే ఆ మేలు దక్కదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఉప్మాకు వాడే క్రీమ్ ఆఫ్ వీట్ కూడా రవ్వ లాంటిదే, అదే లెక్క.

*రాగి జావ:* ఇక్కడ నాతో చాలామంది గొడవపడతారు. రాగిలో కాల్షియం, పీచు ఉన్న మాట నిజం. కానీ 100 గ్రాముల రాగి పిండిలో పిండిపదార్థం 70 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, బియ్యంలో 78. తేడా అంతే. పైగా మెత్తటి పిండిని పలచగా కాచి, బెల్లం వేసి, రెండు నిమిషాల్లో గటగటా తాగేస్తాం. నా పుస్తకంలో అన్నింటికన్నా ఎక్కువ పెరుగుదల రాసుకున్నది బెల్లం జావ తాగిన రోజే. మానక్కర్లేదు. రెండు చెంచాల పిండితో చేసి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ కలిపి, పక్కన గుప్పెడు గుగ్గిళ్లతో తాగండి. ఉల్లి, మునగాకు వేసి రొట్టె కాల్చుకుంటే ఇంకా నయం, నమిలి తినాలి కాబట్టి. జొన్న రొట్టె అలవాటున్న ఇళ్లలో దాన్నే ఉంచుకోండి, ఒకటి లేక రెండు, పక్కన పప్పో ఆకుకూరో.

*ఉగ్గాని:* రాయలసీమ వాళ్లు కోప్పడకండి. బొరుగులు తేలిగ్గా ఉంటాయి గానీ తొందరగా చక్కెరయ్యే రకం. పుట్నాల పొడి రెట్టింపు వేసి, పళ్లెం సగం చేసి చూడండి. బజ్జీ సంగతి మీ ఇష్టం.

*చద్దన్నం:* పెరుగు కలిపి ఉల్లిపాయతో తినడం మంచి అలవాటే. అన్నం చల్లారాక అందులో కొంత పిండి తొందరగా అరగకుండా మారుతుంది కూడా. అది కొంతే. గిన్నెడు తింటే గిన్నెడు అన్నమే.

*ఓట్స్, మల్టీగ్రెయిన్ ప్యాకెట్లు:* వెనక తిప్పి పదార్థాల వరుస చదవండి. ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు. ముందు బియ్యప్పిండో గోధుమపిండో ఉంటే ముఖం మీద ఎన్ని గింజల బొమ్మలున్నా లాభం లేదు. మసాలా కలిపిన ఇన్‌స్టంట్ ఓట్స్ కన్నా మందంగా ఉండే మామూలు ఓట్స్ మేలు.

గుగ్గిళ్లు (తెలంగాణలో గుడాలంటాం) రోజూ ఎవరు చేస్తారంటారా? శనగలో బొబ్బర్లో రాత్రి నానబెట్టి ఒకేసారి ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులొస్తాయి. పొద్దున పోపు పెడితే చాలు. గ్యాస్ పట్టేవాళ్లు పెసలతో, పావుకప్పుతో మొదలుపెట్టండి.

5. తినే వరుస మార్చండి

ముందు గుగ్గిళ్లు, గుడ్డు, కూర. ఆ తర్వాతే ఇడ్లీ, దోశ. పదార్థాలు అవే, కొలతలు అవే, వరుస మారితే చాలు, చాలామందికి తిన్నాక పెరిగే షుగర్ తగ్గుతుంది. పైసా ఖర్చు లేని ఈ అడుగును విడిగా పరీక్షించండి. ఒకరోజు పాత వరుసలో, మర్నాడు కొత్త వరుసలో.

6. గ్లాసు సంగతి

కాఫీ, టీల్లో పంచదార రోజుకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. బెల్లం, తేనె వేసుకుంటే లెక్క మారదు. పండు తినండి, రసం తాగకండి. బత్తాయి రసం గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండుతారు, అన్ని కాయలు కూర్చుని ఒలుచుకుని తినగలరా?

7. పావుగంట నడవండి

తిన్న తర్వాత, మామూలు వేగంతో. బయటికి వెళ్లే వీలు లేకపోతే ఇంట్లో పని చేస్తూ తిరిగినా సరే, కూర్చోకపోవడం ముఖ్యం. కానీ ప్లేటును పరీక్షించే రోజుల్లో నడకను కలపొద్దు. కలిపితే తగ్గించింది పెసరట్టో నడకో తెలియదు.

8. పోల్చి చూడండి

ప్రతి ప్లేటునూ కనీసం రెండు వేర్వేరు రోజుల్లో చూడాలి. నిద్ర చాలని రోజు, జలుబు జ్వరం ఉన్న రోజు, రాత్రి పెళ్లి భోజనం చేసిన మర్నాడు తీసిన అంకెలు కొట్టేయండి. స్టెరాయిడ్ మందు వాడుతున్న రోజులు కూడా అంతే.

చూడాల్సింది రెండు గంటల అంకె ఒక్కటే కాదు, ఎంత పెరిగిందన్నది. నా పుస్తకంలోంచి:

- నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, పంచదార కాఫీ: 108 నుంచి 171. పెరిగింది 63.
- రెండు ఇడ్లీలు, ముందు కప్పు శనగలు, పంచదార లేని కాఫీ: 110 నుంచి 138. పెరిగింది 28.
- పెసరట్లు రెండు, బెల్లం లేని అల్లం పచ్చడి: 106 నుంచి 131. పెరిగింది 25.

ఇవి నా అంకెలు, మీవి వేరేగా ఉంటాయి. 63కూ 28కీ తేడాను నమ్మొచ్చు. 28, 25ల మధ్య తేడా ఏమీ లేదు, అది మీటరు ఊగిసలాటే. ఐదు పాయింట్ల కోసం దోశనొదిలి పెసరట్టుకు పారిపోకండి.

షుగర్ లేనివాళ్లకు తిన్న రెండు గంటలకు సాధారణంగా 140 లోపు ఉంటుంది. ఏ ప్లేటు తిన్నా పదేపదే అది దాటుతుంటే ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. 200 దాటితే మూడు వారాలు ఆగకండి.

కొందరికి రెండు గంటలకు మామూలుగానే ఉండి, గంటకే ఎగసి దిగుతుంది. స్ట్రిప్పులు మిగిలితే ఒకటి రెండు రోజులు గంటకు కూడా చూడండి, ముఖ్యంగా జావ తాగిన రోజు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

టిఫిన్ మానేయడం మొదటిది. పొద్దున ఏమీ తినకుండా ఉండి, పదకొండింటికి ఆకలికి ఆగలేక రెండు సమోసాలు, టీ తీసుకుంటే ఆ అంకె ఎవరూ కొలవరు.

టిఫిన్ తగ్గించి మధ్యాహ్నం అన్నం పెంచడం రెండోది. టిఫిన్‌లో పప్పు, గుడ్డు చాలలేదని గుర్తు. రెండు మూడు గంటలకే ఆకలేస్తుంటే ఇడ్లీ కాదు, గుగ్గిళ్లు పెంచండి.

పిండి తగ్గింది కదా అని నెయ్యి, నూనె, చీజ్ కుమ్మరించడం మూడోది. నెయ్యి మీటరు అంకెను ఆ పూటకు తగ్గించి చూపొచ్చు కూడా! వడ తిన్న రోజు నాకు అంకె ముచ్చటగా వచ్చింది. మినప్పప్పే కదా అని మురిసిపోయాను, నూనె సంగతి బరువు చూసుకునే యంత్రం చెప్పింది. అందుకే వారానికోసారి బరువూ, నెలకోసారి నడుమూ కొలవండి.

ఇంట్లో ఒక్కరికే వేరే వంట చేయడం నాలుగోది. పది రోజులు నడుస్తుంది, ఆ తర్వాత చేసేవాళ్లకు విసుగు, తినేవాళ్లకు దిగులు. పెసరట్టు అందరికీ వేయండి.

9. మూడు నెలలకు మళ్లీ ల్యాబ్

హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి మూడు వారాలకే చేయించి నిరాశపడకండి. రక్తహీనత ఉంటే ఈ పరీక్ష తప్పుదోవ పట్టించొచ్చు. ఐరన్ లోపం ఉన్నవాళ్లకు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మన ఆడవాళ్లలో ఈ లోపం మామూలే గనుక హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చేయించి, రెండు కాగితాలూ కలిపి డాక్టరుకు చూపించండి.

ఇక ఆదివారం పూరీ గురించి అడుగుతారని తెలుసు. రెండు వేసుకోండి. ఆలుగడ్డ కూర బదులు శనగపిండితో చేసే బొంబాయి చట్నీ పెట్టుకోండి, ముందు కీరా ముక్కలు తినండి, తిన్నాక నడవండి. మిగిలిన స్ట్రిప్పు ఒకటి ఆ రోజుకు దాచుకోండి.